ఎనిమిదో నంబరు బూట్లు

మొన్న ఆదివారం పొద్దున్న వరండాలో బురద అంటిన ఫుట్‌బాల్ బూట్లు కనిపించాయి. మా మనవడివి కావు, వాడి పాదం ఇంకా చిన్నది. అడిగితే, "దోస్త్‌వి తాతా, మ్యాచ్‌కి తీసుకున్నా" అని, ముందువైపు గుడ్డపీలికలు కుక్కి, తొడుక్కుని వెళ్లిపోయాడు. అంత సులువుగా వెళ్లిపోవచ్చని ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియదు.

పంతొమ్మిది వందల డెబ్భై ఒకటి, యుద్ధకాలం. హిందీ ప్రాంతంలో ఒక ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్, అందులో సెక్టర్ నాలుగులో మాకు రెండు గదుల క్వార్టరు. విజయనగరం వైపు మా తాతగారికి ఏడు ఊళ్లుండేవి. నాన్నగారి కాలానికి చేతుల పేము కుర్చీ ఒకటి, నడుము వంచకుండా కూర్చునే అలవాటు ఒకటి మిగిలాయి. ఆయన ప్లాంటు స్టోర్సులో గుమాస్తా, నేను రోలింగ్ మిల్లులో అప్రెంటిస్‌ని. సెలవులు రద్దు. విమానాల భయంతో కిటికీ అద్దాలన్నిటికీ నల్ల కాగితం అంటించాం. ఊరంతా దీపాలు దాచుకుంటే, ప్లాంటులో స్లాగు, అంటే కొలిమిలో కరిగిన మడ్డి, పారబోసినప్పుడల్లా ఆకాశం ఎర్రగా వెలిగేది. దాన్ని ఏ కాగితంతో మూయాలో ఎవరూ చెప్పలేదు. ఆ నల్ల కిటికీల వెనుక నాకు ఊపిరాడేది కాదు. ఎలాగైనా బయటపడాలి.

దారి రిసాలి మైదానంలో కనిపించింది. ప్లాంటుకు కాపలాగా విమానాలను కూల్చే తుపాకులతో ఒక దళం అక్కడ గుడారాలు వేసింది. సాయంత్రం వెలుతురు ఉన్నంతసేపూ జవాన్లు ఫుట్‌బాల్ ఆడేవారు. ఒకరొకరుగా సరిహద్దుకు వెళ్లిపోతుంటే జట్టులో ఎప్పుడూ ఖాళీలే. నేనూ, మిల్లులో నా జతగాడైన, పక్క ఊరు కోహ్కా నుంచి వచ్చే హిందీ కుర్రవాడూ ఆ ఖాళీల్లో ఆడేవాళ్లం. నేను వట్టి కాళ్లతో గోలు కాసేవాణ్ణి. జట్టును నడిపే హవల్దారు మా విజయనగరం వైపు మనిషే. వాళ్ల నాన్న మా తాతగారి పొలం దున్నేవాడట. నా ఇంటిపేరు వినగానే అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"ఎల్లుండి మేం కదిలిపోతాం బాబూ. రేపు ప్లాంటు టీంతో మ్యాచ్. మేజర్ సాబ్ ఎదర ఆడీయండి. మంచి గోల్‌కీపర్ని ఆయనొగ్గడు. మిమ్మల్ని మిలట్రీలో భర్తీ చేయించీ పూచీ నాది" అన్నాడు.

మర్నాడు ఇంట్లో చెప్పకుండా, సర్టిఫికెట్లు చొక్కా లోపల పెట్టుకుని వెళ్లాను. తీరా చూస్తే మైదానం అంచున నాన్నగారు! మ్యాచ్ సంగతి ఎవరు చెప్పారో గాని, కుర్చీని సైకిలుకు కట్టి తెచ్చుకున్నారు. పదిమందితో కలిసి నేలమీద కూర్చోవడం ఆయనకు చేతకాదు. ఇంతలో, బూట్లు లేనివాణ్ణి ఆడనివ్వనన్నాడు రిఫరీ. హవల్దారు గుడారంలోకి పరుగెత్తి తన బూట్లు తెచ్చాడు. ఎనిమిదో నంబరు, సరిగ్గా నా కొలత. పైన అద్దంలా మెరుస్తున్నాయి. లోపల తోలులో మాత్రం అతని పాదం అయిదు వేళ్లతో సహా అచ్చుపడి ఉంది.

"తొడిగీయండి బాబూ, ఒక్క అరగంట. ఏటాలోచన?"

"పహన్ లే భయ్యా! జూతా హీ తో హై, తాజ్ థోడీ హై!" అని కోహ్కావాడు నవ్వాడు. బూటే గాని కిరీటం కాదు కదా అని.

నేను నాన్నగారి వైపు చూశాను. ఆయన ఇంకాస్త నిటారుగా కూర్చున్నారు.

"మా ఇంట్లో ఒకరు తొడిగినవి ఇంకొకరు తొడగరు" అన్నాను. నోరు నాదే, గొంతు మా తాతగారిది.

హవల్దారు బూట్లు వెనక్కి తీసుకున్నాడు. "తెలుసు బాబూ. మీ వీధిలో మా అయ్య కాళ్లకి చెప్పులే ఉండీవి కావు" అన్నాడు మెల్లగా.

ఆ బూట్లను కోహ్కావాడు తొడుక్కున్నాడు. వాడికి పెద్దవి. వేళ్ల దగ్గర న్యూస్‌పేపరు కుక్కుకుని నా గోలు కాశాడు. ఆ దళంతోనే వెళ్లిపోయాడు కూడా. తరువాత చాలా ఏళ్లు, నేను చూడని ఊళ్ల నుంచి నాకు ఉత్తరాలు రాసేవాడు.

నేను గీత దాటి బయటికి వచ్చాను. నాన్నగారు లేచి నిలబడి, "పరువు నిలబెట్టావురా" అని నన్ను తన కుర్చీలో కూర్చోమన్నారు. అంతకుముందు అందులో ఇంకెవరినీ కూర్చోనిచ్చి ఎరగరు. ఆట ముగిసేదాకా నడుము వంచకుండా కూర్చున్నాను. చొక్కా లోపల కాగితాలు చెమటకు తడిసిపోయాయి.

ఆ మిల్లులోనే రిటైరయ్యాను. కుర్చీ ఇప్పుడు నాది. మధ్యాహ్నం మనవడు గెలిచి వచ్చి, బూట్లు గుమ్మంలో విసిరేసి అన్నానికి కూర్చున్నాడు. ఎవరో పిల్లవాడివి, అలా తిరిగివ్వకూడదు. కుర్చీలోంచి లేచి, మెట్టు మీద కూర్చుని, బురద తుడిచి పాలిష్ పెట్టాను. లోపల చెయ్యి పెట్టి చూస్తే ఇంకా వెచ్చగా ఉంది. ఒక్క అరగంట అన్నాడు హవల్దారు. యాభై ఏళ్లు ఇట్టే గడిచిపోయాయి గాని, ఆ అరగంట మాత్రం నాకు ఇంకా గడవలేదు.