తాల్కె హార్మ్స్ జీతం లేని పాఠాలు

తాల్కె హార్మ్స్ పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆమె మీద కాదు, మా విశ్వవిద్యాలయం మీద. వృక్షశాస్త్ర విభాగం ఆఫీసులోనే నా జుట్టు నెరిసింది. డాక్టరేట్లు చేసినవాళ్లను ఎంతమందిని పిండి పారేశారో కళ్లారా చూశాను.

తాల్కె పరిశోధనంతా మా ఊరి చుట్టూ ఉన్న బురదనేలల మీద, వాటిలో పెరిగే నాచు మీద. డాక్టరేటు తర్వాత మరో పెద్ద గ్రంథం రాసి, ప్రొఫెసర్ పదవికి నిలబడే అర్హత బిరుదు కూడా తెచ్చుకుంది. ఈలోగా తాత్కాలిక ఉద్యోగాల గడువు తీరింది. అంతకు మించి తాత్కాలికంగా ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదని ఇంటికి పంపేశారు. కానీ ఆ బిరుదు నిలవాలంటే ప్రతి సెమిస్టరూ ఇక్కడే ఒక కోర్సు చెప్పాలి. దానికి జీతంగా ఒక్క సెంటు కూడా ఇవ్వరు. చెప్పకపోతే బిరుదు పోతుంది, అది పోతే ప్రొఫెసర్ ఆశ కూడా పోతుంది. ఇదీ మా దేశంలో చదువుకిచ్చే మర్యాద!

మిగతా రోజుల్లో లేర్ అనే ఊళ్లో ఒక బేకరీలో రొట్టెలు అమ్మేది. శుక్రవారం రైలెక్కి వచ్చి పాఠం చెప్పి, నా గదిలో మీగడ వేసిన టీ తాగేది.

"ఎందుకే తల్లీ ఈ వెట్టిచాకిరీ?" అని తిట్టేదాన్ని.

"మన ప్రొఫెసర్ డెటరింగ్ గారు రిటైరవుతున్నారు కదా ఇన్సా. ఆ కుర్చీ ఖాళీ అయ్యేనాటికి నేను వాళ్ల కళ్లెదుట ఉండాలి. రొట్టెలు అమ్ముకుంటూ కూర్చుంటే ఎవరికి గుర్తుంటాను?"

పోయిన వసంతంలో ఆ ఉద్యోగానికి ప్రకటన పడింది. తాల్కె దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూకి పిలుపు రాలేదు. ఒక శుక్రవారం డెటరింగ్ నా గదిలోనే, నా ఎదుటే చెప్పాడు.

"సొంత విశ్వవిద్యాలయం మనిషిని ప్రొఫెసర్‌ని చేయకూడదని నియమం ఉంది కదా, తాల్కె గారూ. మనవాళ్లకు మనమే ఇచ్చుకున్నామని నలుగురూ అంటారు."

"అది జీతం తీసుకునేవాళ్లకి కదా సార్! నా ఉద్యోగం పోయి ఎన్నేళ్లయింది?"

"ఇక్కడ పాఠం చెబుతున్నారుగా. నియమం ప్రకారం మీరు మా మనిషే."

ఏ పాఠం వల్ల ఉద్యోగం వస్తుందనుకుందో ఆ పాఠమే అడ్డొచ్చింది. నేను ఊరుకోలేకపోయాను.

"జీతం దగ్గర బయటి మనిషి, ఉద్యోగం దగ్గర ఇంటి మనిషా? సిగ్గుండాలి!"

"మీరు కల్పించుకోకండి, ఇన్సా గారూ," అని ఆయన మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "వచ్చే కొత్తాయనకు మన బురదనేలలు తెలియవు. మీ కోర్సు మాత్రం ఆపకండి. మీ బిరుదూ నిలబడుతుంది."

తాల్కె తిన్నగా క్లాసుకు వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. పాఠం చివరిదాకా చెప్పింది. విద్యార్థులు మా అలవాటు ప్రకారం మెచ్చుకోలుగా పిడికిళ్లతో బల్లలు తట్టారు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఆపండి. ఇన్నేళ్లూ నాకు ముట్టిన జీతం ఈ చప్పుడొక్కటే. ఇక వద్దు. ఆ బిరుదు కూడా వాళ్లనే ఉంచుకోమనండి."

వెనకనుంచి ఒకడు, "మరి మా పరీక్ష?" అన్నాడు. ఆమె కోటు తీసుకుని వెళ్లిపోయింది.

సోమవారం డెటరింగ్ నా చేత ప్రకటన పెట్టించాడు. నాచు కోర్సు చెప్పడానికి అర్హత బిరుదు ఉన్నవారు కావాలి, జీతం ఉండదు. ఏ వెర్రివాడొస్తాడో చూద్దామని కసిగా టైపు చేశాను. సాయంత్రానికి ముగ్గురు ఫోన్ చేశారు. దేశం ఆ చివరనున్న మ్యూనిక్ నుంచి మాట్లాడినావిడైతే, ఆ కోర్సు తనకే ఇప్పించమని నన్ను బతిమాలింది.