చదివితేనే సంతకం

తాతబ్బాయి చదివించుకోకుండా ఒక్క కాగితం మీదైనా సంతకం పెట్టిన పాపాన పోలేదు. తెచ్చినవాళ్లే మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా గట్టిగా చదవాలి. అతను కళ్లు మూసుకుని వినాలి. ఆ తర్వాతే పెన్ను తియ్యాలి.

దీవిలోని హోప్ టౌన్‌లో అతని టీ కొట్టు ముందు గ్యాస్ బండి ఆగిందంటే వీధి వీధంతటికీ వంట ఆలస్యమే. రసీదు వెనక సన్నక్షరాలు కూడా వదిలేవాడు కాదు మరి. కొరియర్ యువరాజ్ అయితే దూరం నుంచే పార్సిల్ ఎత్తి చూపించి, "కుక్కర్ రబ్బరు చాచా, ఇంకేం రాసిలేదు, కసమ్‌సే," అని ఒట్టేసేవాడు.

"సదువు నాయనా," అనేవాడు తాతబ్బాయి.

భార్య గవరమ్మకి ఇది తలవంపులు. ఈ జాడ్యం పెళ్లి రిజిస్టరు దగ్గరే బయటపడింది. గుమాస్తా చేత మూడుసార్లు చదివించాడు. అవతల పెళ్లి భోజనం చల్లారిపోయింది. మొగుడికి అక్షరమ్ముక్క రాదని, అది కప్పిపుచ్చుకోడానికే ఈ బడాయని ఆవిడ ఆ రోజే తేల్చేసుకుంది. తనకీ రాదు గనక నోరెత్తలేదు. రాని ఇద్దరిలో ఒకరైనా వచ్చినట్టు కనపడితే నయమే కదా.

కొట్టుకి ఎదురుగానే పోలీసు ఠాణా. పంచనామాకి సాక్షి కావాలంటే తాతబ్బాయినే పిలిచేవాళ్లు, పిలిచి పశ్చాత్తాపపడేవాళ్లు. ఒకసారి ఎవరిదో పోయిన బోటు ఇంజను మడచెట్ల బురదలో దొరికింది. అనుమానం టైటస్ మీద పడింది. డింగీ పడవలో చేపల వేటకెళ్లి పెళ్లాన్నీ, చిన్నపిల్ల టీనానీ పోషించుకునే మనిషి. అతన్ని కొట్టు బెంచీ మీద కూర్చోబెట్టి, కానిస్టేబులు రెండు కాగితాల పంచనామా తెచ్చాడు. హిందీలో చదివి, మళ్లీ తెలుగులో చెప్పి, గొంతెండి మూడు టీలు తాగాక గానీ రెండో కాగితం కింద తాతబ్బాయి సంతకం పడలేదు.

ఏడాదికి కేసు విచారణకొచ్చింది. నేరం రుజువైతే టైటస్‌కి జైలే. ఫెర్రీ దాటితే వచ్చే కోర్టు వరండాలో సర్కారు వకీలు తాతబ్బాయి భుజం మీద చెయ్యేశాడు. సంతకం నీదా అంటాను, అవునను, ఇంకో మాట మాట్లాడకు అన్నాడు. ఆ చెయ్యి గవరమ్మకి నచ్చలేదు.

బోనులో వకీలు కాగితాలు చూపించి, సంతకం నీదేనా అన్నాడు.

"సదివినిపించండి సాబ్."

"సంతకం చూసి చెప్పు చాలు."

"సదవందే నాను ఏదీ నాదని సెప్పను."

కోర్టంతా నవ్వింది. గవరమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. జడ్జి మాత్రం నవ్వకుండా, చదవమని వకీలుకి చెప్పాడు. వకీలు చదివాడు: ఇంజను టైటస్ ఇంట్లో, మంచం కింద దొరికిందట.

తాతబ్బాయి కళ్లు తెరిచాడు. "రెండో కాగితం నాదే బాబూ. మొదటిది కాదు. ఆరోజు మడచెట్లన్నారు, మోకాల్లోతు బురదన్నారు. కొట్లో అందరూ విన్నారు. అయినా టైటస్‌కి మంచమెక్కడిది సాబ్, ఆడిది సాపే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. జడ్జి వకీలు ఫైలు తెప్పించుకుని తిరగేశాడు. తీసేసిన అసలు మొదటి కాగితం అట్ట అడుగున నలిగి ఉంది. టైటస్ ఇంటికి బయల్దేరాడు. జవాబు చెప్పుకోడానికి వకీలు మిగిలాడు.

తిరుగు ఫెర్రీలో తండ్రి పక్కన కూర్చున్న టీనా గోడ మీది హిందీ బోర్డు చూపించి అదేంటని అడిగింది. లైఫ్ జాకెట్లు ఎక్కడుంటాయో, ఎలా కట్టుకోవాలో తాతబ్బాయి గడగడా చదివి చెప్పాడు. గవరమ్మ గిర్రున అతని వైపు తిరిగింది.

"నీకు సదువొచ్చా?"

"ఎనిమిదో క్లాసు, ఫస్టున."

"మరి ఇన్నేళ్లూ ఊరందరి సేతా సదివించడం ఏటి?"

"నాకు తెలుస్తాది. పక్కన కూకున్నోడికి తెలియొద్దేటే? సదువు రానోడు అడగడానికి సిగ్గుపడతాడు."

గవరమ్మ తన బొటనవేలు చూసుకుంది. పెళ్లి రిజిస్టరు ముందు సిరా పూసుకున్న బొటనవేలితో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డది తనే.

"మూడుసార్లెందుకు?" అంది.

"రెండోసారికి కూడా నువ్వు బుర్రెత్తలేదు మరి."

తాతబ్బాయి పోయి నాలుగేళ్లు. మొన్న యువరాజ్ పార్సిల్ తెచ్చాడు. అడక్కముందే గుమ్మంలో నిలబడి పేరు, ఊరు, పిన్ కోడు, బరువు, అన్నీ చదివి పెన్ను చాపాడు. గవరమ్మ కళ్లు తెరవలేదు.

"అయిపోయింది చాచీ."

"కింద సన్నక్షరాలు మింగేశావు," అంది గవరమ్మ.