ఏడో మాట వినడానికి వచ్చిన చాచా, మామూ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇప్పుడైతే అన్నం ఉడికిందా అని ఎవరైనా అడిగితే రెండుసార్లు మెతుకు పట్టి చూసి గానీ జవాబు చెప్పను. ఇరవై మూడేళ్ల వయసులో అట్లా కాదు. బీఈడీ పట్టా, భుజాన కొత్త బ్యాగు, భూపాలపల్లి ప్రైవేటు బడిలో సైన్సు టీచరు ఉద్యోగం, ఇన్ని ఉన్న మనిషికి లోకంలో తెలియనిది ఇంకేం మిగులుతుంది? (పిల్లలు చాటుగా నన్ను పిట్ట టీచర్ అనేవాళ్లన్న సంగతి మాత్రం చాలా కాలం తెలియలేదు.)

మాది కురవి పక్క ఊరు, క్రైస్తవ కుటుంబం. భూపాలపల్లిలో అద్దెకున్నది ఒక ముస్లింల ఇంటి మేడ మీది గదిలో. ఇంటాయనను చాచా అనేదాన్ని. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి, యంత్రాల హోరులో ఏళ్లకేళ్లు అరిచి అరిచి రహస్యం చెప్పినా వీధి చివరికి వినపడే గొంతు. ఆయన భార్య చాచీ. చాచీ తమ్ముడు మామూకి రెండు సందుల అవతల బావి మోటార్లు బాగుచేసే దుకాణం ఉండేది. రోజూ పొద్దుగూకగానే షట్టరు దించి, అక్క చేతి చాయ్ తాగడానికని వచ్చేవాడు. చాయ్ ఒక సాకు, వచ్చేది బావతో కొట్లాడటానికి.

కొట్లాట ఏడాది పొడుగునా ఒకే విషయం మీద. ఈసా ప్రవక్త, అంటే మేము యేసు ప్రభువు అని కొలిచే ఆయనే, చనిపోయాడా, ఒంటితో సహా పైకి వెళ్లాడా అని. చాచాది వాళ్లలో దాదాపు అందరూ నమ్మే మాట. శత్రువులు ఆయన్ను చంపనూ లేదు, సిలువ వేయనూ లేదు, వాళ్ల కళ్లకు అట్లా కనపడిందంతే, దేవుడు ఆయన్ను ప్రాణంతోనే తన దగ్గరికి ఎత్తుకున్నాడు, కడపటి రోజుల్లో మళ్లీ దిగి వస్తాడు, చావు ఏదైనా ఉంటే అప్పుడే. మామూ ఫోన్‌లో ప్రసంగాలు వినీ వినీ వేరే దారి పట్టాడు. సిలువ మీద చనిపోలేదన్నది తనకూ సమ్మతమే, కానీ తర్వాత ఎప్పుడో ఆయుష్షు తీరి మిగతా ప్రవక్తల్లాగే కన్నుమూశాడు, పైకెత్తడమంటే మర్యాద పెంచడమే అనేవాడు. ప్రతి ప్రాణీ చావు రుచి చూడాల్సిందేనని మన గ్రంథమే చెబుతుంటే నువ్వెవరు బావా మినహాయింపు ఇయ్యడానికి, అని నిలదీసేవాడు. చాచా చూపుడు వేలు ఆకాశం వైపు లేపి తన మాట మళ్లీ మొదటి నుంచి చెప్పేవాడు. చాచీ వచ్చి, "ఆయన పైకి పోయిండో లేదో గని, నా చాయ్ మాత్రం కింద సల్లగయితున్నది" అని కప్పులు వాళ్ల ముందుకు జరిపేది.

ఒకరోజు మెట్లెక్కి నా గదికి పోతుంటే పట్టుకున్నారు. "నువ్వు ఆయన మనిషివి గద బేటీ, నువ్వే చెప్పు" అన్నాడు చాచా. నాకు తెలియనిది లేదు కదా, టక్కున చెప్పాను. చనిపోయాడు, సమాధి చేశారు, మూడో రోజు లేచాడు, తర్వాత శరీరంతోనే పైకి వెళ్లాడు అని. చెప్పి గెలిచాననుకున్నాను. చాచా తొడ చరిచి, "ఇన్నవా? ఒంటితోనే పోయిండని ఆమెనే అంటున్నది" అన్నాడు. మామూ అంతకంటే గట్టిగా చరిచి, "సచ్చిపోయిండని గూడ ఆమెనే అంటున్నది" అన్నాడు. ఆనాటి నుంచి నేను ఇద్దరికీ సాక్షినైపోయాను. రోజూ సాయంత్రం నాకో కప్పు చాయ్, రెండు వైపుల నుంచీ అడ్డప్రశ్నలు. నిజం చెప్పాలంటే ఆ గంట కోసం బడిలో పొద్దంతా ఎదురుచూసేదాన్ని.

ఇట్లా ఉండగా మా ఊరి నుంచి నాయిన ఫోన్. గుడ్ ఫ్రైడేకి మా గుడిలో ఏడో మాట నాకిచ్చారట. తెలియని వాళ్లకు చెప్పాలి. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. మా ఊర్లో ఆ ఏడుగురూ ఎప్పుడూ ఉద్యోగాలున్న ఇళ్ల వాళ్లే. మా నాయిన కూలి పనికి పోయేవాడు. అంతకాలమూ ఆ గుడిలో చాపలు పరిచింది, గంట కొట్టింది ఆయనే, మైకు ముందుకు మాత్రం మా ఇంటి నుంచి ఎవరినీ పిలవలేదు. ఇప్పుడు పిలిచారు, అదీ ఆఖరి మాటకు, ప్రభువు తన ఆత్మను తండ్రి చేతికి అప్పగించే మాటకు. నాయిన అప్పటికే కురవి అంతా చెప్పేశాడు. మైకు సెట్టాయనను బతిమాలి, మా వాడ వైపు ఇంకో హారన్ కట్టించే ఏర్పాటు కూడా చేశాడు. "మంచిగ చెప్పు బిడ్డా, ఎవ్వరు నవ్వొద్దు" అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సంగతి తెలిసి ఎక్కువ సంబరపడ్డది కింది ఇల్లు. వాకిట్లో నన్ను నిలబెట్టి తర్ఫీదు మొదలుపెట్టారు. మొదట మెల్లగా ఎత్తుకోవాలని చాచా, చేతులు ఊపొద్దని మామూ. నేను రెండు వాక్యాలు చెప్పేలోపే విషయం పాత కొట్లాటలోకి జారేది, నేను వేలాడేసిన చేతులతో నిలబడి వినేదాన్ని. చివరికి వినడానికి చాచీతో కలిపి ముగ్గురూ వస్తామన్నారు. ఆ రోజు శుక్రవారం కదా, జుమ్మా నమాజు ఎట్లా అన్నాను. చాచా దానికీ లెక్క కట్టి పెట్టుకున్నాడు. పొద్దున్నే బయలుదేరి మా ఊరి దగ్గరి పట్నం మానుకోటలో నమాజు చదివి, అటు నుంచి అటే వస్తే ఏడో మాటకు అందుకుంటారట. అదే ఒకటో మాటో రెండో మాటో అయితే కుదిరేది కాదు, నీ నసీబు బాగున్నది బేటీ అన్నాడు.

ఆ రోజు వచ్చింది. ఎండ, ఉపవాసం, తెల్ల చీరలు. గుడి చాలక బయట టెంటు వేశారు. మిగతా వాళ్లందరి చేతుల్లో కాగితాలున్నాయి. నాకు కాగితం ఎందుకు? అంతా నోటికి వచ్చు. ఆరో మాట అయ్యి, పాట అయ్యి, నా పేరు పిలిచేసరికి లేచి మైకు ముందుకు పోయాను. మెల్లగానే ఎత్తుకున్నాను. చీకటి కమ్మడం, సైనికులు, కింద నిలబడ్డ తల్లి, అన్నీ వరసగా వస్తున్నాయి. గంట తాడు పట్టుకొని నిలబడ్డ నాయిన మొఖం వెలిగిపోతున్నది. నాకేదో పూనినట్టు గొంతు పెంచాను. సరిగ్గా అప్పుడే టెంటు వెనక జీపు ఆగింది. తలల మీద టోపీలతో చాచా, మామూ, వెనకాల చాచీ, చెమటలు తుడుచుకుంటూ పరుగున వచ్చారు. చాచా నన్ను చూసి, శభాష్ అన్నట్టు చూపుడు వేలు లేపాడు.

ఆ వేలు చూడగానే ఏడాదిగా చెవులకు అలవాటైన చాచా మాట నా నోట తన్నుకొచ్చింది. రెండు హారన్లలో ఊరంతా వినపడేటట్టు అన్నాను కదా, "ఆయన్ని చంపలేదు, సిలువ వేయలేదు, వాళ్లకు అట్ల కనపడ్డదంతే. దేవుడు పానంతోనే ఎత్తుకున్నడు."

గుడి మొత్తం బిర్రబిగుసుకుపోయింది. ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి చాచా బొగ్గుబాయి గొంతు, "సుభానల్లా" అని. మామూ ఆయన మోచెయ్యి పట్టి గుంజాడు. పాస్టరు అయ్యగారు కుర్చీలో సగం లేచారు. ముందు వరస పెద్దమనుషుల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నేను నాయిన వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. దిగిపోదామనే అనుకున్నాను. కానీ నాయిన తల అట్లా దించుకొని ఉంటే దిగబుద్ధి కాలేదు. నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది, ఇంటి భాష ఒక్కటే మిగిలింది.

"అని మా ఇంటి చాచా రోజు అంటడు. అగో, ఎనక నిలవడ్డడు. ఎందుకంటడో నాకిప్పుడు సమజైంది. మనం పానం పెట్టుకున్న మనిషిని గంత ఘోరంగ చంపిన్రంటే ఎవరి మనసు ఒప్పుకుంటది? సిలువ కింద నిలవడ్డ తల్లి మనసు ఒప్పుకున్నదా? దేవుడా, ఇదంత ఉత్తగ కనపడుతున్నదైతే మంచిగుండు అని ఆమె అనుకోలేదా? మనం సచ్చిపోయిండనే నమ్ముతం, నమ్మి ఏడుస్తం. గని ఆయన ఆత్మను చాపిన చేతిల పెట్టిండు, ఆ చెయ్యి పట్టుకున్నది, ఇడిసిపెట్టలే. గిదైతే వాళ్లు మనం అందరం ఒప్పుకుంటం."

అంతే చెప్పి వచ్చి కూర్చున్నాను. ముందు తెల్ల చీరల అవ్వలు కొంగులు కళ్లకు అద్దుకుంటున్నారు, వెనక చాచీ కూడా. ఏడో మాట అయిపోగానే గంట కొట్టాలి. గంట మోగదు. అయ్యగారు చెయ్యి ఊపి సైగ చేస్తే గానీ నాయినకు చేతిలో తాడున్న సంగతి గుర్తు రాలేదు.

తర్వాత టెంటు కింద మజ్జిగ పోస్తుంటే మళ్లీ మొదలు. మైకులో ముందు చెప్పింది తన మాటేనని చాచా, ఆఖరున తేల్చింది చనిపోయాడనేనని మామూ. మధ్యలో మా సంఘ పెద్ద దూరి, మూడో రోజు సంగతి మీరిద్దరూ ఎత్తరేమని అడిగాడు. మజ్జిగ అయిపోయింది గానీ వాళ్లది తెమలలేదు. అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, వచ్చే ఏడు మొదటి మాట ఇస్తానన్నారు. ఏం చేస్తున్నారో వీళ్లకే తెలియదు, క్షమించు తండ్రీ అనే మాట అది. నాకే సరిపోతుందట.

జీపు వెళ్లిపోయాక నాయిన చాపలు చుట్టడం మొదలుపెట్టాడు. నేనే అడిగాను, పరువు తీశానా నాయినా అని.

"తప్పినవని అందరంటున్రు బిడ్డా," అన్నాడు. "నాకు గవేం తెల్వదు. నేను మాటలు ఇనలే. మైకుల మనింటి గొంతు ఇన్న."

ఇప్పుడు ప్రతి ఏడూ నాకు ఏదో ఒక మాట ఇస్తూనే ఉన్నారు. ముందే రాసుకొని, అయ్యగారికి చూపించి, కాగితం మీది నుంచి తల ఎత్తకుండా చదువుతాను. ఒక్క తప్పు దొర్లదు. (ఎవరూ ఏడవరు కూడా. ఒకరిద్దరు కునుకు తీస్తారు, ఉపవాసం కదా.) చదవడం అయ్యాక కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంటూ, అంతా తెలుసనుకొని వట్టి చేతులతో మైకు ముందుకు పోయిన ఆ పిల్లను తలచుకొని నవ్వుకుంటాను. అంత తెలివితక్కువతనం మళ్లీ ఒక్కసారి వస్తే బాగుండునని కూడా అనుకుంటాను.