బంద్ రోజు ఉడికిన యాపిల్

ఈరోజు కూడా తెలంగాణ బంద్. ఆఫీసు బస్సు రాలేదు. పొద్దున్నుంచి కొండాపూర్‌లో నా అద్దె గదిలోనే లాప్‌టాప్ ముందు కూలబడ్డాను. హోటళ్ళన్నీ మూత. ఇంట్లో ఉన్న యాపిల్ ఒకటి ఖాళీ కడుపుతో కొరుక్కుతింటే ఒకటే మంట.

కిందికి దిగితే ఓనరాంటీ నా మొహం చూసి, సంగతి విని, "గట్ల తింటే గిట్లనే అయితది. ఉడకబెట్టి తినాలె, కడుపుల అల్కగ ఉంటది" అని రెండు యాపిళ్ళు కోసి, దాల్చినచెక్క వేసి పొయ్యి మీద పెట్టింది.

రెండోది ఎవరికా అనుకుంటుండగానే వాళ్ళాయన, ఓనరంకుల్ వచ్చాడు. రాస్తారోకోలో "ఆంధ్రోళ్ళు పోవాలె" అని అరిచి అరిచి గొంతు పోయిందట. మెత్తగా ఉంటే తప్ప మింగలేకపోతున్నాడు.

మాది కడప. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఆ ముక్కలే తిన్నాం.

"నిన్ను అనలే బిడ్డా" అన్నాడు, లేని గొంతుతో.

"తెలుసులే అంకుల్, చల్లారిపోతుంది, తినండి" అన్నాను. వాదించే ఓపిక నాకూ లేదు.

ఉడికిన పండు మంచిదే, నా కడుపు కుదుటపడింది. రేపు కూడా బందేనట. ఆయన గొంతు తెల్లారేసరికి బాగవ్వాలని కోరుకోవాలో వద్దో మీరే చెప్పండి.