చివరి గడిలో ఆమె పేరు

ఎవరూ చదవని చోట ఒక మనిషి పేరు రాస్తే, అది ఆ మనిషికిచ్చిన గౌరవమా, ఊరడింపా? ఏళ్లుగా నాలో ఉన్న ప్రశ్న ఇది. మొన్న హిందూపురంలో నేనెక్కిన రైలు పెనుకొండలో ఆగినా, మా ఆఫీసు సార్ కోసం నేను పట్టిపెట్టిన సీటులోకి ఆయన రాలేదు. రోజూ ఆయనతో ఎక్కే టీచరమ్మ వచ్చి, "సార్ తెల్లారుజామున కాలం చేసినారమ్మా" అంది.

ధర్మవరంలో మా పట్టుచీరల ఆఫీసులో నాకు పని నేర్పింది ఆయనే. పార్శిల్ కన్నా ముందే చీర వివరాలు ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా కొనేవాళ్ల కంప్యూటరుకు వెళ్లాలి. రంగు, పొడవు, జరీ, నేసినవారు... ఒక్కో గడిని సార్ కంప్యూటరులో రాసిపెట్టిన ఒక్కో కమాండ్ నింపుతుంది. "కమాండుకు సొంత కండ్లుండవమ్మా. మనం యాడ చూడమంటే ఆడే చూస్తాది" అనేవారు, కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుంటూ.

నేసినవారి పేరు కోసం కమాండ్ నేత సంఘం సభ్యత్వ కార్డులో చూసేది. కార్డులన్నీ మగవాళ్లవే. ఒకసారి భర్తతో చీర ఇవ్వడానికొచ్చిన ఒకామె తెర మీద ఆయన పేరొక్కటే చూసింది.

"ఏం సార్, మగ్గంలో ఈయప్ప పక్కన కూచునేది నేను కాదా?"

"నీ పేరేస్తే చీర నడుచుకుంటా పోతాదా?" భర్త నవ్వాడు.

"ఇన్నాళ్లూ నీ పేరుకు నడిచిందా ఏమి?"

సార్ ఇద్దరి పేర్లూ వెళ్లేలా కమాండ్ మార్చారు. కొనేవాళ్ల దగ్గర్నుంచి ఫైలు తిరిగొచ్చింది. ఆ గడిలో ఒక్క పేరే ఉండాలట. చీర అల్మారాలోనే ఆగిపోయింది. ఇంకో గడి ఇమ్మని సార్ ఎన్నిసార్లు అడిగినా కొనేవాళ్ల నుంచి జవాబు లేదు. చివరికి ఆమెనే అడిగారు. ఆమె చీర మడత సరిచేసి, "ఆయప్పదే ఎయ్యండి సార్. చీర పోవల్ల గదా" అంది.

ఆ రోజు సార్ టీ చల్లారిపోయింది. ఫైలు చివర 'ఇతర వివరాలు' అనే గడి ఎప్పుడూ ఖాళీగా పోయేది. దానికో కొత్త కమాండ్ రాశారు. ఇంటింటికీ ఫోన్ చేసి ఆడవాళ్ల పేర్లు అడిగి, 'కలిసి నేసినవారు' అంటూ అక్కడికి చేర్చారు.

"దాన్నెవరు చదువుతారు సార్?" అన్నాను.

"చదవకపోతే పోనీమ్మా. మనం పంపకుండా ఉండొద్దు."

నిన్న ఆమె మళ్లీ చీర తెచ్చింది. సార్ సంగతి చెప్తే ఆయన కుర్చీ వైపు చూసింది. తర్వాత, "నా పేరు ఇంకా పోతాండాదా అమ్మా?" అని అడిగింది. తెర తిప్పి చూపించాను. పేరును వేలితో తాకింది. వేలిమరక పడిందని కొంగుతో తెర తుడిచి వెళ్లిపోయింది.

గౌరవమో, ఊరడింపో, నేనింకా తేల్చుకోలేకపోతున్నాను. ఆ కమాండును మాత్రం అలాగే ఉంచాను.