పొడవాటి పేర్ల మునిరత్నం గారు

మునిరత్నం గారిలో వంక పెట్టదగినది ఒక్కటే. ఏ నొప్పినీ ఆయన తెలుగు పేరుతో బతకనిచ్చేవారు కారు. మోకాలి నొప్పి అని ఎవరైనా అంటే గోనాల్జియా అని దిద్దేవారు. తలనొప్పికి సెఫలాల్జియా అని నామకరణం చేసి, అవతలి మనిషి దాన్ని రెండుసార్లు తప్పులేకుండా పలికేదాకా వదిలేవారు కారు.

రెండువేల ఒకటిలో మదనపల్లెలోని ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ శిక్షణ కేంద్రంలో ఆయన నా సహాధ్యాయి. నేను సామాజిక శాస్త్రంలో ఎమ్మే ముగించి, దానికి తగిన ఉద్యోగం దొరక్క చేరాను. ఆయన పుంగనూరులో ఇరవయ్యేళ్ళు నడిపిన టైపు ఇన్‌స్టిట్యూటు కంప్యూటర్ల రాకతో మూతపడడంతో, ఆయన నలభై ఎనిమిదో ఏట చేరారు. అమెరికా డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలను హెడ్‌ఫోన్‌లో విని, విన్నది విన్నట్టుగా టైపు చేయడమే మేము నేర్చుకోవలసిన పని. ఆ ‘విన్నది విన్నట్టుగా’ దగ్గరే ఆయనకు పేచీ.

“సార్, డాక్టరు నెక్ పెయిన్ అన్నాడు. మీరు సెర్వికాల్జియా అని కొట్టుండారు,” అనేవాడు మా శిక్షకుడు ప్రతాప్.

“రెండూ ఒకటే కదప్పా.”

“ఒకటే సార్. కానీ ఆయన అనలేదే.”

“ఆయనేదో తొందర్లో ఉండాడు. అంత చదివినాయన అంత చిన్న పేరుతో పంపిస్తే ఏం బాగుంటాది? అందుకని నేను పూర్తి చేసినా.”

వారానికొక పరీక్ష జరిగేది. ప్రతి పరీక్షలోనూ ఆయన పూర్తి చేసేవారు, ప్రతాప్ మార్కులు కోసేసేవాడు. ఇద్దరిలో ఎవరూ అలిసిపోలేదు.

ఆయన రోజూ వచ్చే పుంగనూరు బస్సులో కండక్టరు హనుమంతు ఒకనాడు నడుము పట్టేసిందని వాపోయాడు. టికెట్టు చినిగేలోపు అది లంబాల్జియా అయింది. మర్నాటి నుంచి హనుమంతు, “నాకు లంబాల్జియా ఉండాది, జరగండప్పా,” అనడమే ఆలస్యం, కిక్కిరిసిన బస్సు రెండుగా చీలి దారి ఇచ్చేది. అంతకు ముందు ఆరేళ్ళు, నడుం నొప్పి అని మొత్తుకున్నా ఎవరూ జరగలేదట.

కుప్పంలో ఆయన బంధువుల పెళ్ళికి మమ్మల్నీ తీసుకెళ్ళారు. అక్కడ బట్టల కొట్టు యజమాని భార్య జయమ్మ కాళ్ళ నొప్పులన్నారు. మునిరత్నం గారు అది మయాల్జియా అని చెప్పారు. వెనకాలే మసాలా రుబ్బే ముసలామె వచ్చి, మడమ నేల మీద ఆనడం లేదంది. ఆమెకు కాల్కేనియోడైనియా దక్కింది.

జయమ్మ ముఖం ముడుచుకున్నారు. “ఏమప్పా, రుబ్బేదానికి అంత పొడుగు పేరిచ్చి, నాకు ఇంతేనా?”

“నీకు ఇంతే ఉండాది తల్లీ. దాచిపెట్టుకుంటే నాకేమొస్తాది?”

ఎవరికి ఏ పేరు పెట్టారో మరిచిపోకుండా ఆయన వాళ్ళ పని, ఇంటి సంగతులతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకునేవారు. పదాలు కంఠస్థం చేయడానికి దాన్ని అరువు తెచ్చుకుందామని నేనొక ఆదివారం పుంగనూరులోని ఆయన ఇంటికి వెళ్ళాను. పక్కింట్లో తగాదా నడుస్తోంది. వాళ్ళది టమోటా సేద్యం. తెల్లవారితే కోత. కోడలు మునీశ్వరి నెల రోజులుగా గంపలు మోసి మోసి మెడ తిప్పలేకపోతోంది, కుడి చెయ్యి తిమ్మిరెక్కుతోంది. పది రోజులు బరువు ఎత్తకూడదని డాక్టరు చీటీ మీద రాశాడు. అత్త సరోజమ్మ ఆ చీటీని లెక్కచేయడం లేదు.

“మెడ నొప్పంట. ఎవురికి లేదు మెడ నొప్పి? కాయ మాగిపోతే ఈ డాక్టరొచ్చి కోస్తాడా?”

మునిరత్నం గారు గోడ మీదుగా చీటీ అడిగి తీసుకున్నారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చాలాసేపు చదివారు. తరువాత, చావు కబురు చెబుతున్నంత మెల్లగా, “సెర్వికోబ్రేకియాల్జియా,” అన్నారు.

సరోజమ్మ చేటను కింద పెట్టింది. “అంత పెద్దదా?”

“సూడు, ఈడనే రాసుండాది. పది దినాలు గంప ముట్టకూడదు.”

ఆమె కోడలి మీదికి తిరిగింది. “ఇంత పెట్టుకోని యాల చెప్పలేదే నాకు?”

“చెప్తిని కదత్తా, మెడ నొప్పని.”

“మెడ నొప్పంటే నాకేం తెలుస్తాది? లోపలికి పోయి పండుకో పో.”

ఇంటికి వచ్చి నోటు పుస్తకం తెరిచాను. దేన్నైనా పట్టికగా వేయడం నాకు అలవాటు. పేరు పొందిన మనిషి ఎవరు, చేసే పనేమిటి, ఇంట్లో సాయం ఉందా, పేరుకు అక్షరాలెన్ని అని గడులు గీశాను. కాళ్ళు పట్టేవాళ్ళున్న వారందరికీ పొట్టి పేర్లు. పని మానుకోవడానికి ఎవరూ ఒప్పుకోని వారికి పొడవాటివి. ముప్పై ఏడు మందిలో ఒక్క మినహాయింపూ లేదు. నా ఎమ్మే పరిశోధనలో ఇంత నికార్సయిన ఫలితం నాకు ఎన్నడూ రాలేదు.

మరుసటి ఆదివారం పట్టికను ఆయన ముందు పెట్టాను. ఆయన దొరికిపోయిన మనిషిలా ముక్కు గోక్కున్నారు.

“పేర్లేమీ అబద్ధం కాదమ్మా. ప్రతిదానికీ పొట్టిదొకటి, పొడుగుదొకటి పుస్తకంలోనే ఉంటాయి. పొట్టిదానికి ఎవురూ సెలవియ్యరు. అంతే.”

ఇంతలో సరోజమ్మ వచ్చింది. ఆమెను పొలం నుంచి మోటారు సైకిలు మీద తెచ్చి దింపిన కొడుకు గణేష్ వాకిట్లో బండి మీదే కూర్చుని అద్దంలో క్రాపు సరిచేసుకుంటున్నాడు. సరోజమ్మ మోచేతిని రెండో చేత్తో పట్టుకుని ఉంది. కోడలి వంతు గంపలు వారమంతా తానే మోసిందట.

ఆమె కొంగు సవరించుకుని, గొంతు తగ్గించింది. “అప్పా, కోడలి మాదిరి పది దినాలది నాకొద్దు. రెండు దినాలది, చిన్నదేదైనా ఉంటే సూడు.”

మునిరత్నం గారు ఆమె చెయ్యి చూశారు. లావుపాటి పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఓపికగా తిప్పి, మూసేశారు.

“చిన్నవన్నీ అయిపోయినాయి సరోజమ్మా. ఉండేవన్నీ వారానివే.”

“అయ్యో, మరి గంపలెవురు ఎత్తేది?”

ఆయన వాకిట్లోకి తొంగి చూశారు.

“గణేష్ ఉండాడు కదా. వానికింకా నేను ఏ పేరూ పెట్టలేదు.”