తువాలు కింద బేరం

ఈ ఉదయం ఫోన్‌కి ఒక సందేశం వచ్చింది. మీ పాత కారు వివరాలు పంపితే నిమిషంలో ధర చెబుతామని. కొన్నేళ్ళ క్రితం ఆ కారు కొన్నప్పుడు నాకు ఒక పూట పట్టింది.

అప్పటికి మా ఆవిడ కువైట్ వెళ్ళి మూడేళ్ళు. అక్కడొక ఇంట్లో వంట చేసేది. మరుసటి నెల విమానం దిగి సొంత కారులో ఇంటికి రావాలని ఆమె కోరిక. అందుకు రెండు లక్షల ఇరవై వేలు పంపి, ఒక్క రూపాయి దాటొద్దంది. నేను పెద్దగా చదువుకోలేదు గాని, కొబ్బరి కొట్లో లెక్కలు రాసి రాసి దేని విలువైనా కట్టగలనని పేరు తెచ్చుకున్నాను. కొత్తపేట దగ్గర పాత కార్లు అమ్మే ఆయన దగ్గరికి వెళ్ళి, ఒక కారు టైర్ల అరుగుదల, తిరిగిన కిలోమీటర్లు, మళ్ళీ వేసిన రంగు, అన్నీ చూసి కాగితం మీద ధర కట్టుకున్నాను. ఆయన పూర్వం సంతలో గేదెల బేరాలు కుదిర్చేవాడు. పక్క బల్ల మీద కారు కొనడానికి వచ్చినవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళ చెవిన ధర పడకూడదని, భుజం మీది తువాలు తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

"రెండు లక్షలు ఎలాగూ ఉన్నాయండీ. ఆ పైన పట్టుకున్న ఒక్కో వేలికి పదివేలు. ఆయ్?" అంటూ నా నాలుగు వేళ్ళూ పట్టుకున్నాడు.

గరుకు చెయ్యి, వెచ్చగా ఉంది. మా ఆవిడా నేనూ రోజూ ఫోన్‌లో ముఖాలు చూసుకునేవాళ్ళం గాని, ఫోన్‌కి చేతులుండవు కదా. తల అడ్డంగా ఊపాను. మూడు వేళ్ళకి దిగాడు. మళ్ళీ ఊపాను. రెండు. నేను కట్టిన ధర సరిగ్గా అదే. కాని సరేనంటే తువాలు తీసేస్తాడు. ఊపాను.

"రాయిలా ఉన్నారండీ బాబూ!" అని నవ్వి, చిటికెన వేలొక్కటే పట్టుకున్నాడు.

పదివేలు మిగిలాయి. చెయ్యి మాత్రం ఖాళీ అయిపోయింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే ఆయన వేళ్ళు మూడు గట్టిగా పట్టేసుకున్నాను.

"అదేంటండీ! నేను దిగుతుంటే మీరెక్కుతారేంటి?"

బల్ల మీదవాళ్ళు పకపకా నవ్వారు. లెక్క తప్పిందన్నాను. ఆయన నా ముఖం వంక చూసి, గొంతు తగ్గించి, "ఇంట్లో ఎవరుంటారండీ?" అని అడిగాడు.

"ప్రస్తుతం నేనొక్కణ్ణేనండీ."

"ఆయ్. పదివేల మీదే ఖాయం చేసుకోండి."

బేరం ముగిసింది. ఆయన తువాలు తీయలేదు, చెయ్యీ తీసుకోలేదు. వానాకాలంలో బ్యాటరీ ఎలా చూసుకోవాలో, బురదలో గేరు ఎలా వెయ్యాలో నిదానంగా చెబుతూ కూర్చున్నాడు. మూడేళ్ళంటే ఎన్ని రోజులో కాగితం మీద ఎప్పుడో వేసుకున్నాను. అవి ఎంత పొడుగైనవో మాత్రం ఆ పావుగంటలోనే తెలిసింది.